రైల్వే స్టేషనుకీ బస్టాండుకీ నడుమ

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

ఈ ఉత్తరం మీ పేరుకు కాదు, మీ కుర్చీకి రాస్తున్నాను. మా ఊరికి కమిషనర్లు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. ఫైలు మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆ ఫైల్లో ఈ కాగితం కూడా ఒకటి చేరితే చాలు.

నేను గవర్నర్‌పేటలో ఒక సందులో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాను. మా నాన్న ట్రెడిల్ మిషను మీద శుభలేఖలూ కరపత్రాలూ వేసిన చోటే నేను ఆఫ్‌సెట్ పెట్టాను. పట్టణ ప్రణాళిక చదువుకున్నవాణ్ణి కాదు. కాగితం బండిల్సు మూడు చక్రాల రిక్షాలో వన్‌టౌన్ నుంచి మా గుమ్మం దాకా ఎలా వస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో, ఎక్కడ దిగి తోయాలో మాత్రం తెలుసు. ఆ తెలివితోనే రాస్తున్నాను.

మెట్రో మళ్లీ నలుగురి నోళ్లలో పడింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమని రాశారు. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లు నివేదిక తయారు చేసి ఇచ్చారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 38.4 కిలోమీటర్లకు, 11,009 కోట్ల అంచనాతో మొదటి దశకు ఆమోదం తెలిపింది. గన్నవరం నుంచి ఒక లైను, పెనమలూరు నుంచి ఇంకో లైను. రెండూ వచ్చి కలిసేది పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర. ఆ తర్వాతి దశలో అమరావతికి వెళ్లే లైను కూడా అక్కణ్ణుంచే.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, మా ఊళ్లో ఆ సోమలింగానికి బారసాల కూడా అయిపోయింది. ‘మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో’ అంటూ స్థలాలమ్మే కరపత్రాలు ఎన్నో మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. డబ్బు తీసుకున్నాను కాబట్టి నవ్వడానికి నాకు హక్కు లేదు.

మెట్రో వెనకాలే ఇంకో మాట వచ్చింది: టీఓడీ, అంటే ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్. స్టేషను చుట్టూ ఊరు అల్లుకోవడం అని నేను చెప్పుకుంటాను. కేంద్రం 2017లో దీనికో జాతీయ విధానం కూడా రాసింది. స్టేషనుకు 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే పది నిమిషాల నడకలో, ఇళ్లూ కొట్లూ ఆఫీసులూ దగ్గర దగ్గరగా కలగలిసి ఉండాలి. జనం నడిచి స్టేషనుకు రావాలి. కారుకిచ్చే చోటు తగ్గాలి. పేదవాడికీ అందులో ఇల్లుండాలి. మంచి మాటే, నాకు దాంతో తగాదా లేదు. కాకపోతే ఇది మెట్రో స్తంభాలు లేచాక మొదలుపెట్టే పని అని అందరూ అనుకుంటున్నారు. మన ఊళ్లో స్టేషన్లు వచ్చి ఎన్నో ఏళ్లయింది. వాటి చుట్టూ అల్లుకోవాల్సిన ఊరు కూడా ఎప్పుడో అల్లుకుంది. దాన్ని మనమే విప్పుకుంటూ వస్తున్నాం.

1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. మద్రాసు దారీ, కలకత్తా దారీ, హైదరాబాదు దారీ ఇక్కడ ముడిపడ్డాయి. ఇక చూడండి, దిగినవాడు పడుకోవడానికి సత్రాలు, లాడ్జీలు వచ్చాయి. తినడానికి మెస్సులు వచ్చాయి. సరుకు దించుకోవడానికి గోడౌన్లు, దాన్ని మోయడానికి హమాలీలు, లెక్క రాయడానికి గుమస్తాలు. 1921లోనే మారుతీ టాకీస్ వచ్చింది. తర్వాత సినిమా పంపిణీ ఆఫీసులన్నీ గాంధీనగర్‌లో చేరాయి. రీళ్ల పెట్టెలు రైలెక్కాలన్నా దిగాలన్నా అది దగ్గర మరి. ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపులు, ప్రచురణ సంస్థలు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు. తిరువూరు మాస్టారొకాయన పొద్దున బస్సు దిగి, ఏలూరు రోడ్డులో పుస్తకాలు కొనుక్కుని, బీసెంట్ రోడ్డులో పిల్లలకు బట్టలు తీసుకుని, మా దగ్గర స్కూలు రశీదు పుస్తకాలు అచ్చుకిచ్చి, మ్యాట్నీ చూసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాడు. రోజంతా నడకే. అప్పుడు టీఓడీ అన్న మాట మాకు తెలీదు.

ఇప్పుడు మా మేనత్త సంగతి చెప్తాను.

ఆవిడకు డెబ్బై రెండు. గుడివాడలో ఉంటుంది. మొన్నామధ్య తిరువూరులో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరింది. గుడివాడ నుంచి రైల్లో విజయవాడ వచ్చి, ఇక్కడ బస్సెక్కాలి. తిరువూరుకి రైలు లేదు. నేను స్టేషనుకి వెళ్లాను. బయటికి రాగానే ఆటోవాళ్లు ‘బస్టాండా, బస్టాండా’ అంటూ చుట్టుముట్టారు. వంద అడిగాడొకడు. ‘కనపడే దూరానికి వందా? నడుద్దాం పదరా’ అంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో ఎలాగూ ఛార్జీ లేదు, ఆటోకి వంద పెట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు. రైల్వే స్టేషనుకీ బస్టాండుకీ మధ్య కిలోమీటరున్నర ఉంటుందేమో. మామూలు మనిషికి ఇరవై నిమిషాల నడక.

ఫుట్‌పాత్ ఉంది, లేదనను. మోకాలెత్తున ఉంది. ఆవిడ ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కింది. పది అడుగులు వేయగానే ట్రాన్స్‌ఫార్మర్. దిగాం. మళ్లీ ఎక్కాం. ఈసారి బళ్లు అడ్డం పెట్టారు, ఒకదాన్నొకటి ఆనుకుని, స్టాండు వేసి. దిగాం. డ్రైనేజీ మీద ఒక పలక లేదు. దాని పక్కన పునుగుల బండి, బండి చుట్టూ నిలబడి తినేవాళ్లు. వాళ్లనేమీ అనలేం, తినడానికి వాళ్లకింకెక్కడా చోటు లేదు. కాలువ వంతెన మీద ఒక మనిషి మాత్రమే పట్టే జాగా. ఎదురొచ్చేవాళ్లు ఉంటే ఎవరో ఒకరు బస్సులు వెళ్లే రోడ్డు మీదికి దిగాల్సిందే. వంతెన దాటాక ఒక కొట్టు మెట్లు రోడ్డు దాకా వచ్చి ఉన్నాయి. మూడో మెట్టు అంచు ఆవిడ కాలికి తగిలింది. పడిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది. చేతిలో ఉన్న గుమ్మడి వడియాల డబ్బా మూత ఊడి, వడియాలన్నీ డ్రైనేజీ పాలయ్యాయి.

కొట్టతను పరుగెత్తుకొచ్చి మంచినీళ్లిచ్చాడు, స్టూలు వేశాడు. మంచివాడే. మేనత్త స్టూలు మీద కూర్చుని చీర దులుపుకుంటూ, ‘ఏరా అబ్బాయ్, ఇంత పెద్ద ఊళ్లో రైలు దిగి బస్సెక్కడానికి దారి లేదంట్రా?’ అంది. నలభై నిమిషాలు పట్టింది మాకు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అది మా ఊరి సంగతే. పది ప్లాట్‌ఫారాల రైల్వే జంక్షను ఉంది, రాష్ట్రం నలుమూలలకూ బస్సులు కదిలే బస్టాండు ఉంది, ఆ బస్టాండులో సినిమా హాళ్లు కూడా ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచే దారి మాత్రం లేదు.

కమిషనర్ గారూ, ఆ కిలోమీటరున్నర మీద ఒక్క పని చేయండి. మెట్రో వచ్చే లోపు కాదు, వచ్చే ఏడాది లోపు. ట్రాన్స్‌ఫార్మర్లు పక్కకి జరిపి, రోడ్డు నుంచి చెప్పు ఎత్తుకు మించని ఎత్తులో, చక్రాల కుర్చీ ఆగకుండా వెళ్లే దారి ఒకటి ఇవ్వండి. కాలువ మీద మనుషుల కోసమే ఒక వంతెన వేయండి, బళ్లు ఎక్కకుండా. ఇవి చిన్న పనులని నాకు తెలుసు. చిన్న పనులు కాబట్టే ఎవరూ చేయరు. శంకుస్థాపనకి మంత్రిగారు రావాలంటే ఫ్లైఓవరైనా ఉండాలి కదా. కనకదుర్గమ్మ కొండ కింద ఫ్లైఓవరు 2020లో ప్రారంభమైంది. బెంజ్ సర్కిల్‌లో ఒకటి సరిపోదని రెండు వేశారు. అవి తప్పని నేననడం లేదు. వాటి కిందనుంచి రోడ్డు దాటే మనిషికి ఎన్ని సెకన్ల పచ్చ లైటు ఇచ్చారో ఒకసారి గడియారం పెట్టి చూడమంటున్నాను.

రవాణా పేరు చెప్పి ఊరిని మార్చిన పని ఇంతకు ముందు కూడా ఒకటి జరిగింది. సత్యనారాయణపురం మీదుగా ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. వాటిని తీసేశారు. ఆ జాడలోనే విశాలమైన రోడ్డు వేశారు, మధ్యలో బస్సులకు ప్రత్యేక దారి, బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, కట్టారు. కేంద్రం ఇచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో బీఆర్‌టీఎస్ అన్నారు. ఆ సమయంలోనే అహ్మదాబాదు కూడా అలాంటిదే మొదలుపెట్టింది. వాళ్ల జన్‌మార్గ్ 2009లో నడక మొదలెట్టింది. మా దగ్గర రోడ్డు మిగిలింది, పేరు మిగిలింది, అనుకున్న బస్సు మాత్రం రాలేదు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ అన్నది మా ఊళ్లో ఒక చిరునామా. ‘బీఆర్‌టీఎస్ రోడ్డులో రెండో సందు’ అని శుభలేఖల మీద నేనే అచ్చు వేశాను. అందులో బి అంటే ఏమిటో అడిగితే కుర్రాళ్లు చెప్పలేరు.

ఎందుకిలా అయింది? రోడ్డు వేయడం ఇంజినీరింగు శాఖ పని, బస్సు నడపడం ఆర్టీసీ పని, పక్కన ఏం కట్టాలో చూడ్డం టౌన్‌ప్లానింగ్ పని. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న రోజు లేదు. ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి నాలుగో కుర్చీ మెట్రో వాళ్లది, ఐదోది రాజధాని ప్రాంతం చూసే సీఆర్‌డీఏది, ఆరోది రైల్వేది వస్తున్నాయి. ఆ బల్ల ఎవరి గదిలో ఉండాలో ముందు తేల్చుకోండి. మీ గదిలోనే ఉండాలని నా అభిప్రాయం. స్టేషను మెట్లు దిగిన మనిషి అడుగు పెట్టేది మీ రోడ్డు మీదే కాబట్టి.

టౌన్‌ప్లానింగ్ అంటే గుర్తొచ్చింది. వేరే రాష్ట్రాల్లో టీఓడీ అంటే మొదట చేసేది స్టేషను చుట్టుపక్కల ఎఫ్‌ఎస్‌ఐ పెంచడం. స్థలానికి ఇన్ని రెట్లు కట్టుకోవచ్చన్న లెక్కని పెంచి, పెంచినందుకు రుసుము తీసుకుంటారు. మన దగ్గర ఆ మంత్రం పారదు. 2006లో జీవో 86 హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐ లెక్కనే ఎత్తేసింది. తర్వాత 2012లో జీవో 168, ఆంధ్రలో 2017లో జీవో 119 అదే దారి పట్టాయి. ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, స్థలం ఎంత, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత అన్నదాన్ని బట్టే ఎత్తు. అంటే మన నిబంధనలకు స్టేషను ఎక్కడుందో తెలీదు. అరవై అడుగుల రోడ్డు ఊరవతల పొలాల్లో ఉన్నా ఒకటే, బస్టాండు పక్కన ఉన్నా ఒకటే. అందుకే ఎత్తైన అపార్టుమెంట్లు బస్సు సరిగా పోని చోట లేస్తున్నాయి. రైల్వే స్టేషనుకు ఐదు నిమిషాల దూరంలో ఉన్న వన్‌టౌన్ సందుల్లో పెంకుటిళ్లు కూలుతున్నా కొత్తది లేవదు.

దీనికి మీ ఆఫీసులో సిద్ధంగా ఉన్న మందు రోడ్డు వెడల్పు చేయడం. సందు ఇరవై అడుగులుంటే నలభై చేయండి, పోయిన స్థలానికి బదులు టీడీఆర్ బాండ్లు ఇవ్వండి, అప్పుడు అంతస్తులు లేస్తాయి అంటారు. దయచేసి ఆ పని చేయకండి. నలభై అడుగులైన మరునాడే అందులో నాలుగు వరుసల కార్లు ఆగుతాయి. ఆ సందు ఇరుకే దాని బలం. కొట్టులోంచి కొట్టులోకి మాట వినపడుతుంది, ఎండ నేల మీద పడదు. రోడ్డు వెడల్పు చూడకుండా, స్టేషనుకు నడక దూరం చూసి ఎత్తు నిర్ణయించే ఒక చిన్న ప్రత్యేక నిబంధన బస్టాండు, రైల్వే స్టేషను, బీసెంట్ రోడ్డు, ఈ మూడింటి చుట్టూ ఎనిమిది వందల మీటర్లకు అడగండి. ఫైరింజను వెళ్లాలన్నది న్యాయమైన పట్టు; దానికి ప్రతి సందూ అక్కర్లేదు, ప్రతి రెండు మూడు సందులకూ ఒకటి చాలు.

అలాగే పార్కింగు. ఎంత కడితే అందులో ఇంత శాతం పార్కింగుకి వదలమంటాయి మన నిబంధనలు. ప్లాను మీద వదులుతారు కూడా. సెల్లారు పూర్తయ్యాక అందులో బట్టల స్టాకు, జనరేటరు, ఒక మూల టైలరు. బళ్లు ఫుట్‌పాత్ మీదికొస్తాయి. నా మేనత్త దారికి అడ్డం పడ్డ బళ్లన్నీ అలా సెల్లారులో ఉండాల్సినవే. స్టేషను దగ్గర పార్కింగు తగ్గించమని జాతీయ విధానమే చెప్తోంది. తగ్గించండి. మిగిలిన ఆ కాస్తా నిజంగా పార్కింగేనా అని మాత్రం నెలకోసారి టార్చి పట్టుకుని దిగి చూడమనండి.

ఇక పాత బస్టాండు, అంటే ఇప్పటి డిపో, విషయం. గవర్నర్‌పేట నడిబొడ్డున ఆర్టీసీ డిపో స్థలం, నాలుగెకరాల పైచిలుకు, మాల్ కట్టేందుకు ఇస్తున్నట్టు 2025లో వార్త వచ్చినప్పుడు కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి. మా ప్రెస్సుకి అది కూతవేటు కాబట్టి ఆ నినాదాలు మిషను చప్పుడులోంచి వినిపించాయి. డిపోని ఊరవతలికి పంపిస్తే ఏమవుతుందో కండక్టర్ని అడగండి, ‘డెడ్ కిలోమీటర్లు’ అంటాడు. పొద్దున నాలుగింటికి ఖాళీ బస్సు ఊరవతల నుంచి బస్టాండుకి రావాలి, రాత్రి ఖాళీగా పోవాలి. డీజిలు ఆర్టీసీది, ట్రాఫిక్కు మనది. రోజుకి రెండు సార్లు, ప్రతి బస్సూ.

హైదరాబాదులో పంజాగుట్ట, హైటెక్ సిటీ స్టేషన్లను ఆనుకుని మాల్స్ వచ్చాయి. స్టేషనులోంచి నేరుగా మాల్లోకి నడిచిపోవచ్చు, బాగుంది. మెట్లు దిగి పక్క కాలనీకి నడిచిపోవడం ఎలా ఉందో హైదరాబాదులో ఉన్న మీ స్నేహితుల్ని అడగండి. మాల్ ఉన్న చోటికి కారొస్తుంది. డిపో ఉన్న చోటికి బస్సొస్తుంది. రెంటిలో ఏది టీఓడీ? డిపో స్థలం అలా పడి ఉండాల్సిందేనని నేననను. కింద బస్సులుంచి పైన అంతస్తులు కట్టొచ్చు. బెంగళూరులో శాంతినగర్, జయనగర్ బస్టాండుల్ని అలాగే కట్టారు, కింద బస్సు, పైన ఆఫీసులు. అవి గొప్పగా నడిచాయని చెప్పను, అందులోనూ కార్లకు బోలెడంత చోటిచ్చి పొరపాటు చేశారు. మనం ఆ పొరపాటు వదిలేసి, ఆఫీసులతో పాటు ఇళ్లు కూడా కట్టొచ్చు.

ఇళ్లంటే ఎవరి ఇళ్లు? వస్త్రలత బట్టల కొట్లలో బేళ్లు కట్టేవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, బీసెంట్ రోడ్డు షాపుల్లో చీరలు మడిచే ఆడపిల్లలు, మా ప్రెస్సులో కాగితం కోసే మనిషి, వీళ్లెవరూ నడక దూరంలో లేరు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం రోజుల్లో కాలువ గట్ల మీద ఉన్నవాళ్లను ఎత్తి జక్కంపూడి కాలనీలో పెట్టారు. పక్కా ఇల్లిచ్చారు, కాదనను. కానీ పని బస్టాండు దగ్గర, ఇల్లు బుడమేరు వాగు దగ్గర. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, జక్కంపూడి మునిగి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా కటింగ్ మిషను మనిషి ఆ వారమంతా మేడ మీద ఉన్నాడు. తర్వాత పనిలోకి వచ్చి, ‘అన్నా, ఆ గట్టు మీదే ఉంటే ఇంత నీళ్లు రాకపోయేయేమో’ అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలీదు. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది, గట్టు మీద ఉన్నా మునిగేవాడేమో. కానీ ఊరి నడుమ మెరక మీద స్థలం ఉండగా మనం అతన్ని పల్లానికి పంపామన్నది నిజం.

స్టేషను చుట్టూ కొత్తగా కట్టే దాంట్లో ముప్పై శాతం తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు కేటాయించమని జాతీయ టీఓడీ విధానం సూచించింది. ఆ వాక్యాన్ని ఎవరూ పైకి చదవడం లేదు. నేనడిగేది ఒక్క గది, వంటిల్లు, నాలుగు వందల అడుగులు, అద్దెకి. అమ్మడానికి కాదు, అద్దెకే. అమ్మితే మూడేళ్లలో అది లాడ్జీ అవుతుంది, ఈ ఊరి సంగతి మాకు తెలుసు.

బీసెంట్ రోడ్డు గురించి రెండు మాటలు. మెట్రో ప్రతిపాదనలో ఆ పేరుతో ఒక స్టేషను ఉంది. అక్కడ తోపుడు బళ్లవాళ్లకీ షాపులవాళ్లకీ ప్రతి పండక్కీ గొడవే. పోలీసులొస్తారు, బళ్లు వెనక్కి జరుగుతాయి, సాయంత్రానికి ముందుకొస్తాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపమంది, నిర్ణయాలు చేసే కమిటీలో నలభై శాతం మంది వాళ్లే ఉండాలంది. మెట్రో స్టేషను ద్వారాలు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు ఆ కమిటీని పిలవండి. జనం ఎటు దిగుతారో మీ సర్వే కన్నా ముందు పూలమ్మాయికి తెలుస్తుంది.

బ్రెజిల్లో కురిచీబా అని ఒక ఊరుంది. 1972లో మేయరు జైమే లెర్నర్ ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద అంగడి వీధిలోకి వాహనాలు రాకుండా చేశాడు. షాపులవాళ్లు అడ్డం పడతారని తెలిసి, ఒక శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి డెబ్బై రెండు గంటల్లో రోడ్డు తవ్వి రాళ్లు పరిచేశాడు. అప్పటికి ఆ ఊరి జనాభా ఆరు లక్షలు, ఇప్పటి మన ఊరి కన్నా చిన్నది. కొన్నాళ్లకి ఆ షాపులవాళ్లే పక్క వీధిని కూడా మాకిలా చేయండి అన్నారు. ఆ తర్వాతే అక్కడ బస్సు దారులు, బస్సు దారుల వెంటే ఎత్తైన కట్టడాలు. అంత దూరం ఎందుకు, చెన్నై పాండీబజారులో 2019లో ఫుట్‌పాత్‌ని రోడ్డంత చేశారు. ఆ రోడ్డుకున్న త్యాగరాయ చెట్టి పేరు, దాని చివరున్న పానగల్ పార్కు పేరు, రెండూ తెలుగువాళ్లవే. మన పేర్లతో ఉన్న రోడ్డులో నడవడానికి మనం మద్రాసు వెళ్లాలి.

అయితే మద్రాసుకీ మనకీ ఒక తేడా ఉంది. మన ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అని ఊరికే అనలేదు. మే నెలలో పన్నెండింటికి ఎంత మంచి ఫుట్‌పాత్ వేసినా కుక్క కూడా నడవదు. వన్‌టౌన్‌లో పాత కొట్లకు ముందు వసారా ఉండేది, చూరు కిందుగా దిగి. వానొచ్చినా ఎండొచ్చినా జనం ఆ వసారాల కిందనుంచే బజారంతా తిరిగేవాళ్లు. కొత్త భవనానికి మీరు ముందు ఇన్ని అడుగులు వదలమంటారు. వాళ్లు వదిలి, అక్కడ ర్యాంపు, మెట్లు, బళ్ల స్టాండు పెడతారు. ఆ వదిలే జాగాని వదలొద్దనండి. కింది అంతస్తు మాత్రం వెనక్కి జరిపి, పై అంతస్తు నీడ పడేలా, పక్క భవనం వసారాతో కలిసేలా కట్టమనండి. ఆ వసారా ప్రజలదని దస్తావేజులో రాయించండి. బదులుగా ఒక అంతస్తు ఎక్కువివ్వండి. ఖర్చు మీది కాదు, నీడ అందరిదీ. ఇది నా సొంత ఆలోచన. ఇంజినీర్లు నవ్వితే నవ్వనీండి, ఒకసారి గీసి చూడమనండి.

డబ్బు గురించి. స్టేషను దగ్గర స్థలం ధర పెరుగుతుంది, ఆ పెరిగిన దాంట్లో ప్రభుత్వం వాటా తీసుకోవాలని మెట్రో విధానం చెప్తోంది. న్యాయమే. కానీ ఆ వాటా అంతా స్తంభాలకీ పెట్టెలకీ పోతే, స్తంభం కింద నడిచే దారికి మళ్లీ డబ్బు లేదంటారు. ఆ ఎనిమిది వందల మీటర్లలో వసూలైన రుసుములో కొంతైనా అక్కడే ఖర్చు పెట్టాలని కౌన్సిల్లో తీర్మానం చేయించండి. వేరే ఖాతా తెరవండి. ఖాతా వేరుగా లేకపోతే ఏమవుతుందో మా ప్రెస్సులో నాకే తెలుసు, మీకు చెప్పక్కర్లేదు.

చివరికి నా సంగతి కూడా రాయాలి. మేనత్త పడ్డ కొట్టు మెట్ల గురించి చెప్పాను కదా. మా ప్రెస్సు ముందూ అలాంటివే మూడు మెట్లున్నాయి. డ్రైనేజీ మీద కట్టినవే. మా నాన్న హయాంలో, వానాకాలం నీళ్లు లోపలికి రాకుండా లోపలి నేల ఎత్తు పెంచినప్పుడు కట్టారు. ప్లానులో లేవు. ఆ రోజు మేనత్తని బస్సెక్కించి వచ్చాక టేపు పెట్టి కొలిచాను. మూడడుగుల రెండంగుళాలు మీ రోడ్డు మీదున్నాయి. తీసేస్తాను. కాకపోతే సందులో అందరివీ ఒకేసారి తీయించండి, నా ఒక్కడివే తీస్తే వర్షం నీళ్లన్నీ మా లోపలికే వస్తాయి. జేసీబీ పంపే ముందు ఒక్క రోజు టైమివ్వండి, కాగితం బండిల్సు కింద నుంచి పైకి సర్దుకోవాలి.

ఇట్లు,
గవర్నర్‌పేట నుంచి ఒక ప్రెస్సు యజమాని